ఆట ఆపి కోచ్‌గా మారడం: బెకీ హామన్ అసలు ఏం చేసింది?

గుంటూరు_గార్డ్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నాకు 32 ఏళ్ళు. ఊహ తెలిసినప్పటి నుంచి బాస్కెట్‌బాలే. స్కూలు, జిల్లా, స్టేట్, తర్వాత స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం, ఆ ఆఫీసు జట్టుకి తొమ్మిదేళ్ళు పాయింట్ గార్డ్, అంటే బంతి పట్టుకుని ఆట నడిపించే చోటు. పోయిన ఏడాది ప్రాక్టీసులో ఎడమ మోకాలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్ అయింది. నడక బాగానే ఉంది, మెట్లు దిగుతున్నాను. పరుగెడుతూ చటుక్కున ఆగి పక్కకి తిరిగే ఆ ఒక్క అడుగు దగ్గర మాత్రం ఒళ్ళు ముందుకు రావడం లేదు. ఇక ఆడనని మార్చిలో జట్టుకి చెప్పేశాను.

మా కాలనీ దగ్గర ఒక స్కూల్లో ఆడపిల్లలకి కోచింగ్ ఇవ్వమని అడిగారు. సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు దాకా. అండర్-14, పన్నెండు మంది పిల్లలు. సిమెంటు కోర్టు, నాలుగు బంతులు, ఒక వైపు రింగు కాస్త కిందికి వంగి ఉంది. మొదటి రోజు ఎంత సంతోషంగా వెళ్ళానో చెప్పలేను. మూడు నెలలయ్యాక ఇప్పుడు రోజూ దిగులుగా ఇంటికొస్తున్నాను.

ఆట నాకు వచ్చు, నేర్పడం రావడం లేదు. ఎవరైనా తప్పు చేస్తే నోటితో చెప్పే ఓపిక ఉండదు. బంతి లాక్కుని నేనే చేసి చూపిస్తాను. పిల్లలు చేతులు కట్టుకుని చూస్తారు. తర్వాత వాళ్ళు చేస్తే మళ్ళీ అదే తప్పు.

ఒక పాప ఉంది. ఎనిమిదో తరగతి. బంతి చేతిలో పడితే చూడముచ్చటగా డ్రిబుల్ చేస్తుంది. ఆడేది నా చోటే, పాయింట్ గార్డ్. కానీ ప్రతి పాస్‌కి ముందు తల తిప్పి నా వైపు చూస్తుంది. నేను చెయ్యి చూపించిన వైపే ఇస్తుంది. అలా చూసే లోపే ఎదుటి పిల్ల వచ్చి దారి మూసేస్తుంది. "నన్ను చూడకు, ఆట చూడు" అని అరుస్తాను. అరిచానని మళ్ళీ నా వైపు చూస్తుంది. నిన్న దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అమెరికా బాస్కెట్‌బాల్ ప్లేయర్ బెకీ హామన్ కూడా గార్డే అనీ, మోకాలు దెబ్బతిన్నాకే కోచింగ్ వైపు వెళ్ళిందనీ విన్నాను. ఆడే మనిషి నేర్పే మనిషిగా ఎలా మారింది? ఆ మధ్యలో ఏం జరిగింది? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి. ధైర్యం చెప్పే మాటలు ఇంట్లో చాలా విన్నాను. ఆమె ఏం చేసిందో కావాలి.


తెనాలి_టు_టెక్సాస్ జవాబు:

చెల్లెమ్మా, ఆ పాప కళ్ళలో నీళ్ళ దగ్గర నేనూ ఆగిపోయాను. ఎందుకో చివర్లో చెబుతాను.

నేను 2008 నుంచి శాన్ ఆంటోనియోలో ఉంటున్నాను. హామన్ మా ఊరి మహిళల ప్రొఫెషనల్ జట్టు సిల్వర్ స్టార్స్‌కి 2007 నుంచి 2014 దాకా ఆడింది. వేసవి సాయంత్రాలు ఏటీ అండ్ టీ సెంటర్‌లో ఆమె ఆట చాలాసార్లు చూశాం. కాబట్టి ఈ విషయంలో నాకు కొంచెం అభిమానం ఎక్కువే, అది దృష్టిలో పెట్టుకుని చదవండి.

ఆమె ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. ఊరు సౌత్ డకోటాలోని రాపిడ్ సిటీ. కొలరాడో స్టేట్ యూనివర్సిటీకి ఆడి పెద్ద పేరు తెచ్చుకున్నా 1999 డ్రాఫ్ట్‌లో (లీగ్ జట్లు కొత్త ప్లేయర్లని ఎంచుకునే చోట) ఒక్క జట్టూ ఆమెను తీసుకోలేదు. న్యూయార్క్ లిబర్టీ ట్రైనింగ్ క్యాంపుకి వెళ్ళి చోటు సంపాదించుకుంది. అక్కడ అప్పటికే టెరీసా వెదర్‌స్పూన్ లాంటి గార్డ్ ఉంది. అందుకని మొదట్లో చాలా సమయం బెంచ్ మీదే. తర్వాత ఆరుసార్లు ఆల్‌స్టార్ అయింది. అమెరికా ఒలింపిక్ జట్టు పిలవకపోతే 2008లో రష్యా తరఫున బీజింగ్ వెళ్ళి కాంస్యం గెలిచింది. దాని మీద ఇక్కడ పెద్ద గొడవే అయింది, అందులోకి వెళ్ళను.

మీరడిగిన "మధ్యలో ఏం జరిగింది" అన్నది 2012లో ఒక విమానంలో మొదలైంది. లండన్ ఒలింపిక్స్ అయ్యాక తిరుగు ప్రయాణంలో హామన్‌కీ, మగవాళ్ళ లీగ్ ఎన్‌బీఏలో మా ఊరి జట్టు స్పర్స్ కోచ్ గ్రెగ్ పొపోవిచ్‌కీ పక్కపక్క సీట్లు పడ్డాయి. రెండు జట్లదీ ఒకే ఊరు, ఒకే యాజమాన్యం. అయినా అంతకు ముందు వాళ్ళిద్దరూ కూర్చుని మాట్లాడుకున్నది పెద్దగా లేదు. ఆ ప్రయాణమంతా మాట్లాడుకున్నారు, అందులోనూ బాస్కెట్‌బాల్ తక్కువేనట. నా దగ్గర అసిస్టెంట్‌గా ఉంటే, నేనేదైనా అడిగినప్పుడు నిజం చెబుతావా అని ఆయన అడిగాడట. నిజం అక్కర్లేకపోతే అసలు అడగడం ఎందుకు అని ఆమె అందట.

మరుసటి ఏడాది, 2013 సీజన్‌లో ఆమె దిగిన మొదటి ఆటలోనే ఎడమ మోకాలి ఏసీఎల్ అనే లిగమెంట్ తెగింది. మీకు తెగిన కాలే. అప్పటికి ఆమెకు 36 ఏళ్ళు. మళ్ళీ ఆడడానికి నెలలు పడుతుంది. మామూలుగా ఆ చలికాలం విదేశీ లీగుల్లో ఆడుతుంది, ఆ దారీ మూసుకుపోయింది. ఊళ్ళోనే ఉండాలి.

అప్పుడామె చేసింది ఒక్కటే. స్పర్స్ ప్రాక్టీసుకి వస్తాను, కోచ్‌ల మీటింగుల్లో కూర్చుంటాను అని అడిగింది. రమ్మన్నారు. జీతం లేదు, హోదా లేదు. కోచ్‌లు వీడియో చూస్తుంటే ఆమే చూసింది. వాళ్ళు వాదించుకుంటుంటే విన్నది. అడిగినప్పుడు తనకి తోచింది చెప్పింది. అలా 2013-14 సీజన్ మొత్తం.

ఆ సీజన్ సంగతి కొంచెం చెప్పాలి. అంతకు ముందు జూన్‌లో స్పర్స్ ఫైనల్స్‌లో మయామీ చేతిలో ఓడారు. ఆరో ఆటలో కప్పు దాదాపు చేతికందాక, 5 సెకన్ల చిల్లర మిగిలి ఉండగా రే ఆలెన్ కార్నర్ నుంచి మూడు పాయింట్లు కొట్టి స్కోరు సమం చేశాడు. ఆ ఆటా పోయింది, ఏడోదీ పోయింది. మా ఊళ్ళో వారం రోజులు ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. హామన్ వెళ్ళి కూర్చున్నది అలా దెబ్బతిన్న జట్టు గదిలో. ఒక కోచ్ అలాంటి జట్టుని మళ్ళీ ఎలా నిలబెడతాడో ఆమె అక్టోబరు నుంచి దగ్గరుండి చూసింది. 2014 జూన్‌లో అదే మయామీని 4-1తో కొట్టారు. ఆ ఫైనల్స్ వీడియోలు దొరికితే మీ పిల్లలకి చూపించండి. బంతి ఒక్కరి చేతిలో ఆగదు. మంచి షాట్ దొరికినా వదిలేసి, అంతకన్నా మంచి చోట ఉన్నవాడికి ఇస్తారు. ఎవరూ బెంచ్ వైపు తిరిగి చూడరు.

2014 ఆగస్టు 5న ఆమెను అసిస్టెంట్ కోచ్‌గా తీసుకున్నారు. ఎన్‌బీఏలో పూర్తికాలం జీతం మీద పనిచేసిన మొదటి మహిళా అసిస్టెంట్ ఆమే. జనానికి అది ఒక్కరోజు వార్త. నాకు మాత్రం ఆ ముందు ఏడాదే ముఖ్యం అనిపిస్తుంది. ఎందుకంటే ఆమె ఆడినన్నాళ్ళూ ఆటని చూసింది నేల మీద నుంచి, బంతి వెనక నుంచి. గార్డ్‌కి తన ముందు ఏముందో బ్రహ్మాండంగా తెలుస్తుంది. వీపు వెనక ఏముందో, బంతి లేని నలుగురు ఏం చేస్తున్నారో అంత తెలియదు. కుర్చీలో కూర్చుంటే పదిమందీ కనిపిస్తారు. మోకాలు తెగడం వల్ల ఆమెకు దొరికింది ఆ కుర్చీ.

ఇక తర్వాతవి త్వరగా చెబుతాను. 2015లో లాస్ వేగస్ సమ్మర్ లీగ్‌లో స్పర్స్ కుర్రాళ్ళ జట్టుకి హెడ్ కోచ్‌గా వెళ్ళి కప్పు తెచ్చింది. 2020 డిసెంబరు 30న లేకర్స్‌తో ఆటలో పొపోవిచ్‌ని రెండో క్వార్టర్‌లో రిఫరీలు బయటికి పంపేశారు. వెళుతూ ఆమె వైపు వేలు చూపించి జట్టుని అప్పగించాడు. ఎన్‌బీఏ రెగ్యులర్ సీజన్ ఆటలో ఒక మహిళ జట్టుని నడిపించడం అదే మొదలు. కోవిడ్ రోజులు, నేను ఇంట్లో టీవీలో చూస్తున్నాను. మా అమ్మాయికి అప్పుడు పదేళ్ళు, సోఫా మీద నుంచి లేచి నిలబడింది. ఆ ఆట 121-107తో ఓడిపోయాం. మా అమ్మాయికి స్కోరు గుర్తులేదు, ఆ వేలు చూపించడం గుర్తుంది.

2022లో లాస్ వేగస్ ఏసెస్‌కి హెడ్ కోచ్. ఇక్కడో సంగతి చాలామందికి తెలియదు. ఆ ఏసెస్ మా ఊరి స్టార్సే. జట్టుని అమ్మేస్తే 2018 నుంచి వేగస్‌కి వెళ్ళి పేరు మార్చుకుంది. అంటే తను ఆడిన జట్టుకే కోచ్‌గా వెళ్ళింది. మొదటి ఏడాదే చాంపియన్‌షిప్, 2023లో మళ్ళీ, 2025లో మూడోసారి. ఆ మూడోది నాకు ఎక్కువ ఇష్టం. ఆగస్టు 2న సొంత కోర్టులో మినెసోటా చేతిలో 111-58తో ఓడారు. 53 పాయింట్ల తేడా! అప్పటికి 14 గెలుపులు, 14 ఓటములు. అక్కడి నుంచి రెగ్యులర్ సీజన్ అయ్యేదాకా వరుసగా 16 ఆటలు గెలిచారు, ఒక్కటీ ఓడలేదు. ఫైనల్స్‌లో ఫీనిక్స్‌ని 4-0తో గెలిచారు. దెబ్బతిన్న జట్టు గదిలో ఏం మాట్లాడాలో ఆమె 2013లో కుర్చీలో కూర్చున్నప్పుడే చూసిందని నా నమ్మకం.

లెక్క చూడండి. 2013లో కుర్చీ, 2022లో సొంత జట్టు. తొమ్మిదేళ్ళు. మీరు మొదలుపెట్టి మూడు నెలలు.

ఇక మా ఇంటి సంగతి. మా అమ్మాయి స్కూల్ జట్టులో గార్డ్. నేను స్టాండ్స్‌లో మొదటి వరసలో కూర్చుని తెలుగులో "ఇటు ఇవ్వు, అటు వెళ్ళు" అని అరిచేవాణ్ణి. ఇక్కడ ఎవరికీ అర్థం కాదులే అనుకునేవాణ్ణి. దానికి అర్థమయ్యేది కదా. ప్రతిసారీ నా వైపు చూసేది. ఒకరోజు కారులో ఇంటికొస్తూ, "నాన్నా, నువ్వు నాకు కనపడని చోట కూర్చుంటావా?" అని అడిగింది, కిటికీ వైపు తిరిగి. ఆ తర్వాత నుంచి పై వరసలో, రింగు వెనక వైపు కూర్చుంటున్నాను. మొదటి రెండు ఆటల్లో నా కోసం వెతికింది. మూడో ఆట నుంచి వెతకలేదు.

మీరూ ఒక కుర్చీ వేసుకోండి. ఒక వారం, బంతి ఆడుతున్నంతసేపు నోరు విప్పకండి. నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆగినప్పుడే చెప్పండి.


తెల్లవారుజాము_ఆట జవాబు:

నేను హైదరాబాద్ నుంచి. పొద్దున్నే ఐదింటికి లేచి ఫోన్‌లో ఆటలు చూసే మనిషిని. పైన అన్నగారు రాసింది చదివి చాలా నేర్చుకున్నాను. కానీ ఏళ్ళ తరబడి కుర్చీలో కూర్చుంటేనే కోచ్ అవుతారంటే ఒప్పుకోలేను.

జేసన్ కిడ్‌ని చూడండి. 19 సీజన్లు ఆడి 2013 జూన్ మొదట్లో రిటైర్ అయ్యాడు. పదిరోజులు తిరక్కుండానే బ్రూక్లిన్ నెట్స్ హెడ్ కోచ్! మొదట్లో చాలా కష్టపడ్డాడు, 31 ఆటల్లో 21 ఓడారు. ఆ నవంబరులో లేకర్స్‌తో ఆట చివర్లో టైమ్‌అవుట్‌లు అయిపోయాయి. చేతిలో కూల్‌డ్రింక్ కోర్టు మీద ఒలికింది. తుడిచేలోపు జట్టుకి ప్లే చెప్పుకునే సమయం దొరికింది. కావాలనే చేశాడని లీగ్ 50,000 డాలర్ల జరిమానా వేసింది. ఆ వీడియో చూసినప్పుడల్లా నాకు జాలేస్తుంది. ముందు ఏడాది దాకా బంతి చేత్తో పట్టుకుని ఆటని నెమ్మదింపజేయగల మనిషి. ఇప్పుడు చేతిలో బంతి లేదు. అక్కా, మీరు పిల్లల దగ్గర బంతి లాక్కోవడం చదివితే నాకు అదే గుర్తొచ్చింది.

కానీ అదే కిడ్ ఆ సీజన్‌లోనే కుదురుకున్నాడు, మిగిలిన 51లో 34 గెలిపించాడు. తర్వాత మిల్వాకీ, ఆ తర్వాత లేకర్స్‌లో రెండేళ్ళు అసిస్టెంట్, 2021లో డాలస్. 2024లో జట్టుని ఫైనల్స్ దాకా తీసుకెళ్ళాడు. హెడ్ కోచ్‌గా చేసి మళ్ళీ అసిస్టెంట్ కుర్చీకి వెళ్ళడానికి ఎంత మనసు ఉండాలి! జేజే రెడిక్ అయితే ఏ జట్టుకీ అసిస్టెంట్‌గా కూడా చేయకుండా 2024లో లేకర్స్ హెడ్ కోచ్ అయ్యాడు, మొదటి సీజన్‌లో 50 గెలిచాడు. మరోవైపు స్టీవ్ నాష్. అంత గొప్ప పాయింట్ గార్డ్, 2020లో నేరుగా నెట్స్ కోచ్ అయి, 2022 నవంబరు 1న తప్పుకోవాల్సి వచ్చింది. అంటే దిగి నేర్చుకోవచ్చు, కాకపోతే దెబ్బలు అందరి ముందూ తగులుతాయి. పదమూడేళ్ళ పిల్లల జట్టుకి కోచ్ అయితే ఆ దెబ్బలు పిల్లలకి కూడా తగులుతాయి. అంతవరకు అన్నగారి మాట నిజమే.

మీ పాప గురించి చదివితే స్టీవ్ కెర్ గుర్తొచ్చాడు. అతనూ పొపోవిచ్ దగ్గర ఆడినవాడే. 2018 ఫిబ్రవరిలో తను కోచ్‌గా ఉన్న వారియర్స్ జట్టుకి తన గొంతు విని విని విసుగొచ్చిందని అతనికి అనిపించింది. ఫీనిక్స్‌తో ఆటలో టైమ్‌అవుట్‌లు ప్లేయర్లకే వదిలేశాడు. ఆండ్రే ఇగ్వదాలా, డ్రేమండ్ గ్రీన్ లాంటివాళ్ళు బోర్డు పట్టుకుని ప్లేలు గీశారు. 46 పాయింట్లతో గెలిచారు. ఎదుటి జట్టుని అవమానించాడని కొందరన్నారు. నాకైతే అది గొప్ప పని. మీరూ ఒక టైమ్‌అవుట్‌లో మార్కర్ ఆ పాప చేతికివ్వండి.


విశాఖ_రీబౌండ్ జవాబు:

హామన్ గురించి రెండు మాటలు చేర్చాలి, లేకపోతే కథ సగమే అవుతుంది.

ఒకటి. ఆమె ఎన్‌బీఏ హెడ్ కోచ్ ఉద్యోగాలకి 2018లో మిల్వాకీ దగ్గర, 2021లో పోర్ట్‌లాండ్ దగ్గర ఇంటర్వ్యూలకి వెళ్ళింది. రాలేదు. పైన చెప్పిన కిడ్, నాష్, రెడిక్‌లకి ప్రొఫెషనల్ జట్లకి ఒక్కరోజు కోచింగ్ ఇచ్చిన అనుభవం లేకుండానే ఆ కుర్చీ దొరికింది. ఆమె ఎనిమిది సీజన్లు స్పర్స్ బెంచ్ మీద పనిచేసింది. తమ్ముడూ, "నేరుగా దిగొచ్చు" అని నువ్వు రాసిన ఆ దారి అందరికీ తెరిచి లేదు. నేను ఆడే రోజుల్లో మా మహిళల జట్టుకి ఒక్క మహిళా కోచ్‌ని కూడా చూడలేదు. అందుకే గుంటూరు చెల్లి మానేయకూడదని గట్టిగా కోరుకుంటున్నాను.

రెండు. 2023 మేలో లీగ్ ఆమెను జీతం లేకుండా 2 ఆటలు సస్పెండ్ చేసింది. డెరికా హ్యాంబీ అనే ప్లేయర్‌తో ఆ ప్లేయర్ గర్భం గురించి హామన్ మాట్లాడిన మాట నిబంధనలకి విరుద్ధమని విచారణలో తేల్చారు. హ్యాంబీని అంతకు ముందే వేరే జట్టుకి పంపేశారు. ఇద్దరు బిడ్డల మధ్య ఆట ఆపి మళ్ళీ ఆడినదాన్ని, నాకు అది చదివి చాలా బాధేసింది. కప్పులు ఎన్ని ఉన్నా అది కూడా ఆమె కోచింగ్‌లో భాగమే. కోచ్ నోటి నుంచి వచ్చిన మాట ప్లేయర్ మర్చిపోదు. మీ పాప కూడా మర్చిపోదు. రేపు వెళ్ళగానే దాన్ని పక్కకి పిలిచి, నిన్న అరిచినందుకు నీదేం తప్పు లేదని చెప్పు. డ్రిల్స్ తర్వాత.


పీఈటీ_మాస్టారు జవాబు:

అమ్మా, నేను ముప్పై మూడేళ్ళు జిల్లా పరిషత్ స్కూళ్ళలో పీఈటీగా చేసి రిటైరయ్యాను. అమెరికా సంగతులు వీళ్ళు చెప్పారు. నేను నీ సిమెంటు కోర్టు సంగతి చెబుతాను.

ముందు బంతులు చూడు. ఆడపిల్లలకి 6వ సైజు ఉండాలి. స్కూళ్ళలో చాలాసార్లు మగపిల్లలకి కొన్న 7వ సైజే అందరికీ ఇస్తారు. బంతి మీద వాల్వ్ దగ్గర అంకె వేసి ఉంటుంది. పెద్ద బంతి అయితే పిల్ల చెయ్యి చాలదు, ఒక చేత్తో పాస్ ఇవ్వలేదు, పాస్ ముందు బంతిని రెండు చేతుల్లోకి తీసుకుంటుంది. ఆ ఆగినప్పుడే నీ వైపు చూస్తోందేమో గమనించు.

తర్వాత రింగు. నేల నుంచి 3.05 మీటర్లు. టేపు పెట్టి రెండు వైపులా కొలువు. వంగిన రింగు మీద రోజూ షాట్లు వేస్తే చెయ్యి ఆ తప్పుడు ఎత్తుకే అలవాటు పడుతుంది. వెల్డింగ్ షాపు కుర్రాడికి ఒక పూట పని.

కుర్చీ మంచిదే, ఎక్కడ వేస్తావన్నది ముఖ్యం. సైడ్‌లైన్ మధ్యలో వేశావా, పాప మళ్ళీ నిన్నే చూస్తుంది. పాయింట్ గార్డ్ వీపు వెనక ఉండు. వాళ్ళు ఇటు వైపు ఎటాక్ చేస్తుంటే నువ్వు అటు బేస్‌లైన్ (రింగు వెనక గీత) దగ్గరికి నడిచి వెళ్ళు. చూడాలంటే మొత్తం వెనక్కి తిరగాలి. తిరిగితే బంతి పోతుంది. నువ్వు చెప్పక్కర్లేదు, ఆటే చెబుతుంది.

రోజూ పావుగంట డ్రిబుల్ లేని ఆట ఆడించు. నలుగురు నలుగురు, సగం కోర్టు, బంతి నేలకి కొట్టకూడదు. ఆరు పాస్‌లు అయితేనే షాట్. బంతి కావాల్సిన పిల్ల ఇచ్చేవాళ్ళ పేరు పెట్టి పిలవాలి. పిలవకపోతే ఇవ్వకూడదు. నీ ఉత్తరంలో ఒక్కటి లేదమ్మా: పిల్లలు కోర్టులో ఏం మాట్లాడుకుంటారో. నీ అరుపు ఉంది, పాప కన్నీళ్ళు ఉన్నాయి, మిగతా పదకొండు మంది గొంతు ఎక్కడా లేదు. రేపు కళ్ళు మూసుకుని ఒక నిమిషం విను.

వీలైతే పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్ఐఎస్‌లో ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు చెయ్యి. దాని తర్వాత డిప్లొమా ఉంది. ఆటకి ఎంత ఆకలి ఉంటుందో నేర్పడానికి అంత ఆకలి ఉన్నవాళ్ళు అక్కడ నీకు కనిపిస్తారు. నీ వయసులో నేను అక్కడికి వెళ్ళాను, ఆ నోట్‌బుక్‌లు ఇప్పటికీ అటక మీద ఉన్నాయి.


గుంటూరు_గార్డ్ (రెండు వారాల తర్వాత):

ఇంత ఓపిగ్గా రాసిన అందరికీ దణ్ణాలు. ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమనుకోవద్దు, చేసి చూసి రాద్దామని ఆగాను.

విశాఖ అక్క చెప్పింది మొదట చేశాను. పాపని పిలిచి చెప్పాను. అది తల ఊపింది, ఏం మాట్లాడలేదు. షూ లేసు విప్పి మళ్ళీ కట్టుకుంది. నాకు గొంతు పట్టేసింది.

మాస్టారూ, నాలుగు బంతుల్లో మూడు 7వ సైజు! అంకె చూసి అక్కడే నిలబడిపోయాను. తొమ్మిదేళ్ళు 6వ సైజుతో ఆడిన చేతులు నావి, పట్టుకోగానే తెలియాలి. నేను చేసి చూపించాలన్న తొందరలో బంతి సైజు కూడా పట్టించుకోలేదు. రెండు కొత్తవి నేనే కొన్నాను, మరో రెండు స్కూలు వాళ్ళు తెప్పిస్తామన్నారు. రింగు మొన్న ఆదివారం వెల్డింగ్ చేయించాం.

మీరు చెప్పినట్టు కళ్ళు మూసుకుని విన్నాను. షూల చప్పుడు, బంతి చప్పుడు, దూరంగా రోడ్డు మీద ఆటోలు. పిల్లల గొంతు ఒక్కటీ లేదు. మూడు నెలలుగా అంతే అయి ఉంటుంది, నా అరుపుల్లో నాకు తెలియలేదు.

కుర్చీ బేస్‌లైన్ వెనక వేసుకున్నాను. మొదటి మూడు రోజులు నాకు నరకం. అరచేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. పాప రెండుసార్లు వెనక్కి తిరిగి నా కోసం వెతికింది, రెండుసార్లూ బంతి పోయింది. నేను నోట్‌బుక్‌లోకి తల దించుకున్నాను. నాలుగో రోజు ఎప్పుడూ నోరు విప్పని ఒక ఎడమచేతి వాటం పిల్ల కార్నర్ నుంచి పాప పేరు పెట్టి గట్టిగా పిలిచింది. పాప చూడనుకూడా లేదు, గొంతు వచ్చిన వైపు బంతి నేలకి కొట్టి పంపింది. షాట్ పడలేదు. పిల్లలంతా మాత్రం కేకలు పెట్టారు. నా నోట్‌బుక్‌లో ఆ రోజు పేజీలో ఆ ఒక్క పాసే గీసి ఉంది.

టెక్సాస్ అన్నయ్యా, పదిమందీ కనిపిస్తారన్నారు. నిజంగానే నేను ఆడిన ఇన్నేళ్ళలో వీక్‌సైడ్‌లో, అంటే బంతి లేని వైపు, అంత ఖాళీ ఉంటుందని ఇలా చూడలేదు. నేను ఆడేటప్పుడు ఎన్ని పాస్‌లు అటు ఇవ్వకుండా వదిలేశానో అని రాత్రి పడుకుని లెక్కపెట్టుకున్నాను.

హైదరాబాద్ తమ్ముడి మార్కర్ సలహా నిన్న చేశాను. ఎదుటివాళ్ళు 2-3 జోన్ (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు నిలబడి కాపలా) వేస్తే ఏం చేయాలో ఇంటి దగ్గర గీసుకుని రమ్మన్నాను. ఈ రోజు లెక్కల నోట్సు చివరి పేజీ చింపి తెచ్చింది. ఏడు బాణాలు గీసింది, ప్రతి బాణం పక్కన పిల్లల పేర్లు. ఐదో బాణం తప్పు. అలా వెళితే ఇద్దరూ ఒకే చోటికి వచ్చి గుద్దుకుంటారు. నా చేతికి వెంటనే పెన్ను వచ్చింది, మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. కాగితం ఇప్పుడు నా ముందే ఉంది.

మాస్టారూ, శనివారం పక్క స్కూలుతో ప్రాక్టీస్ ఆట ఉంది. ఇది ముందే దిద్దనా, లేక కోర్టులో ఇద్దరూ ఎదురెదురుగా వచ్చి ఆగేదాకా ఊరుకోనా?